స్టీరియోకు ఒక సబ్‌వూఫర్ చాలదా, రెండోది కొనాలా?

నమస్కారం. మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. చెన్నై వేళచ్చేరిలోని మీ అపార్ట్‌మెంటులో హాలు 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంది. పొట్టి గోడ దగ్గర టీవీ బల్లకు రెండు పక్కలా బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, కుడి మూలలో 10 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ అనే అడుగు స్వరాలను మాత్రమే వాయించే స్పీకరు పెట్టె) పెట్టారు. సోఫా ఎదుటి గోడకు ఆనించి ఉంది. ఇళయరాజా పాటల్లోని బాస్ గిటార్ కోసమే ఈ సరంజామా అంతా సమకూర్చుకున్నా, ఆ గిటార్‌లో కొన్ని స్వరాలు హోరెత్తిపోతున్నాయి, కొన్ని అసలు వినిపించడం లేదు. పైగా సోఫా చివర కూర్చునే మీ నాన్నగారికి వినిపించే మోత, మధ్యలో కూర్చునే మీకు అంతగా వినిపించడం లేదు. ఇప్పుడు ఇలాంటిదే రెండో సబ్‌వూఫర్ కొనాలా, లేక ఉన్నది అమ్మేసి 12 అంగుళాలది తెచ్చుకోవాలా అన్నది మీ ప్రశ్న.

నా సమాధానం: 12 అంగుళాలది వద్దు. ఉన్నదాన్ని ముందు మూలలోంచి బయటికి తీయండి, సోఫాను గోడ నుంచి ముందుకు జరపండి. ఆ తరువాత కూడా మీకూ మీ నాన్నగారికీ వినిపించే దానిలో తేడా మిగిలితే, అదే కంపెనీ, అదే మోడల్ రెండోది కొనండి. రెండో సబ్‌వూఫర్ శబ్దం పెంచడానికి కాదు, గదిలో అడుగు స్వరాలను సమంగా పరచడానికి. ఆ పని అది చేయాలంటే మొదటిదానికి దూరంగా, సరైన చోట ఉండాలి. అటువంటి చోటు మీ హాలులో లేకపోతే రెండోదానికి పెట్టే డబ్బు చాలావరకు వృథాయే.

ఇలా ఎందుకంటున్నానో మీ గది కొలతలతోనే చెబుతాను. గదిలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య కొన్ని పౌనఃపున్యాల దగ్గర ధ్వని నిలువు తరంగంగా స్థిరపడుతుంది. వీటిని గది అనునాదాలు అంటారు. లెక్క చాలా సులభం: 565ను గోడల మధ్య దూరంతో, అడుగుల్లో, భాగిస్తే మొదటి అనునాదం హెర్ట్జ్‌లలో వస్తుంది, దాని గుణిజాలు తక్కినవి. మీ 18 అడుగుల పొడవుకు 31, 63, 94 హెర్ట్జ్ వస్తాయి. 11 అడుగుల వెడల్పుకు 51, 103 వస్తాయి. 10 అడుగుల ఎత్తుకు 56 వస్తుంది. నాలుగు తీగల బాస్ గిటార్‌లో ఎక్కడా నొక్కకుండా మీటిన తీగలు, అన్నిటికంటే లావుదాని నుంచి వరుసగా, సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్‌లలో మోగుతాయి. రెండో తీగ స్వరం 55 హెర్ట్జ్ అంటే 51కీ 63కీ మధ్య, ఎత్తుకు చెందిన 56ను దాదాపు తాకుతూ పడుతోంది. మొదటి తీగ 41 హెర్ట్జ్ దగ్గర మీ గదికి ఏ అనునాదమూ లేదు. మీకు హోరెత్తే స్వరాలు ఆ రెండో తీగ చుట్టుపక్కలవనీ, మాయమవుతున్నవి మొదటి తీగ మీదివనీ నా ఊహ. గదిని చూడకుండా ఇంతకంటే ఖచ్చితంగా చెప్పలేను గానీ, లెక్క మాత్రం అటే చూపిస్తోంది.

సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే ఈ అనునాదాలన్నీ పూర్తి బలంతో లేస్తాయి, ఎందుకంటే గోడ దగ్గర పీడనం ఎప్పుడూ గరిష్ఠంగా ఉంటుంది, మూలలో పొడవు, వెడల్పు, ఎత్తులకు చెందిన గరిష్ఠాలు మూడూ కలుస్తాయి. వెనుక గోడకు ఆనుకుని కూర్చున్న చెవి కూడా పొడవుకు చెందిన అనునాదాలన్నిటినీ గరిష్ఠంగానే అందుకుంటుంది. అయితే వెడల్పుకు చెందిన మొదటి అనునాదం, అంటే 51 హెర్ట్జ్‌ది, గది మధ్యరేఖ మీద సున్నా అవుతుంది, పక్క గోడల వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. సోఫా మధ్యలో కూర్చున్న మీకు అది వినిపించకపోవడానికీ, చివర కూర్చున్న మీ నాన్నగారికి మోతగా వినిపించడానికీ ఇదే కారణం. మీరిద్దరూ ఒకే పాట వింటున్నా, అడుగు భాగం మాత్రం వేరువేరుగా వింటున్నారు. 12 అంగుళాలది అదే మూలలో పెడితే ఈ చిత్రం ఏమీ మారదు, మోతే మరింత బలంగా వస్తుంది.

మన ఇళ్లలో ఈ సమస్య విదేశీ పత్రికల్లో చదివే దానికంటే తీవ్రంగా ఉండడానికి ఒక కారణముంది. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించి కట్టినవి. ఆ గోడలు అడుగు స్వరాలకు కొంత కంపించి కొంత శక్తిని తామే మింగేస్తాయి. చెన్నైలోగానీ బెంగళూరులోగానీ మన గోడలు ఇటుక లేదా కాంక్రీటు దిమ్మెలవి, పైనా కిందా కాంక్రీటు శ్లాబులు, నేల మీద టైల్స్. ఇవి తరంగాన్ని దాదాపు యథాతథంగా వెనక్కి పంపుతాయి కాబట్టి అనునాదాలు పదునుగా ఉంటాయి, స్వరం ఆగిన తరువాత కూడా మోత కాసేపు నిలుస్తుంది. గోడకు రెండు అంగుళాల ఫోమ్ అంటిస్తే సరిపోతుందని దుకాణాల్లో చెబుతారు, నమ్మకండి. 40 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 28 అడుగులు, దానిలో నాలుగో వంతే 7 అడుగులు. రెండు అంగుళాల ఫోమ్ తాళాల (సింబల్స్) మెరుపును తగ్గిస్తుందే తప్ప ఈ తరంగానికి అడ్డే కాదు. పరదాలు, తివాచీల సంగతీ అంతే.

రెండు సబ్‌వూఫర్లు ఏం చేస్తాయో ఇప్పుడు చూద్దాం. ఉయ్యాల బల్లకు ఎదురెదురుగా ఇద్దరు నిలబడి ఒకేసారి, సమానబలంతో నెడితే అది కదలదు. వెడల్పుకు చెందిన మొదటి అనునాదంలో ఎడమ గోడ దగ్గర పీడనం పెరిగినప్పుడు కుడి గోడ దగ్గర తగ్గుతుంది. మధ్యరేఖకు చెరోపక్క సమాన దూరంలో ఉన్న రెండు సబ్‌వూఫర్లు ఒకే సంకేతాన్ని ఒకేసారి వాయిస్తే, ఒకటి ఆ అనునాదాన్ని లేపడానికి చూస్తుంది, రెండోది అంతే బలంతో అణుస్తుంది. 51 హెర్ట్జ్ మోత పుట్టకుండానే పోతుంది. ఇది ఈక్వలైజర్‌తో (ఒక్కో పౌనఃపున్యం స్థాయిని విడిగా పెంచి తగ్గించే సాధనంతో) సాధ్యం కాని పని, ఎందుకంటే ఈక్వలైజర్ మీ కుర్చీ దగ్గర సరిచేసింది మీ నాన్నగారి కుర్చీ దగ్గర చెడగొట్టవచ్చు. అనునాదమే లేవకపోతే ఇద్దరికీ లాభం.

చోటు విషయంలో మీకు నా మొదటి సలహా ముందు గోడ మీద పావు దూరాలు. అంటే 11 అడుగుల గోడకు రెండు చివరల నుంచీ 2 అడుగుల 9 అంగుళాల దగ్గర ఒక్కో సబ్‌వూఫర్ మధ్యభాగం ఉండాలి. ఇలా పెడితే వెడల్పుకు చెందిన మొదటి అనునాదం రద్దవుతుంది. రెండోది, అంటే 103 హెర్ట్జ్‌ది, సరిగ్గా ఆ బిందువుల దగ్గరే సున్నా అవుతుంది కాబట్టి అదీ లేవదు. పైగా సబ్‌వూఫర్లు స్పీకర్ల పక్కనే ఉండడం వల్ల స్టీరియో చిత్రం, అంటే ఏ వాద్యం ఎటు నుంచి వినిపించాలో ఆ అమరిక, చెదరదు, కాలవ్యత్యాసాలతో పెద్దగా తలనొప్పి ఉండదు. రెండో సలహా పొడవాటి గోడల నడిమి బిందువులు. గణితపరంగా అది ఇంకా చక్కనిది, ఎందుకంటే వెడల్పుకు చెందిన మొదటిదానితో పాటు పొడవుకు చెందిన మొదటిది కూడా అక్కడి నుంచి లేవదు. కానీ మన ఫ్లాట్లలో పొడవాటి గోడ నడుమ సాధారణంగా ఏదో ఒక గుమ్మమో, బాల్కనీ తలుపో, భోజనాల బల్ల వైపు దారో ఉంటుంది. ఇంట్లోవాళ్లు రోజూ కాలికి తగిలే పెట్టెను ఎన్నాళ్లు భరిస్తారన్నది కూడా ధ్వనిశాస్త్రంలో భాగమే.

ఈ విషయంలో అందరూ ఉదాహరించే పరిశోధన ఆడియో పరికరాలు చేసే హార్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టీది. ఆయన 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో సమర్పించిన పత్రంలో, దీర్ఘచతురస్రాకారపు గదుల్లో సబ్‌వూఫర్ల సంఖ్యనూ స్థానాలనూ మార్చి చూశారు. నాలుగు గోడల నడిమి బిందువుల్లో నాలుగు ఉంటే ఫలితం ఎంతో బాగుంటుందనీ, ఎదురెదురు గోడల నడుమ రెండే ఉన్నా దాదాపు దాని దరిదాపుల్లోకి వస్తుందనీ, నాలుగు దాటితే చెప్పుకోదగ్గ లాభం లేదనీ తేల్చారు. అయితే ఆయన కొలిచింది ఒక కుర్చీకీ మరో కుర్చీకీ మధ్య తేడాను. ఒకే మనిషి, ఒకే కుర్చీలో, ఒకే చోట వింటే ఆ తీర్మానానికి బలం తగ్గుతుంది. అందుకే ఒంటరిగా వినేవారికి నేను ముందుగా రెండో సబ్‌వూఫర్ చెప్పను. మంచి చోట పెట్టిన ఒక్కటీ, దానికి కొలిచి చేసిన ఈక్వలైజేషనూ చాలాసార్లు సరిపోతాయి. మీ ఇంట్లో ఇద్దరు వింటున్నారు కాబట్టే రెండోదాని మాట ఎత్తాను.

నేను సర్దిన ఇళ్లలో రెండు మీకు పనికొస్తాయి. పెరంబూరులో ఒక మిత్రుడి హాలు దాదాపు మీ హాలులాంటిదే, సోఫా కూడా వెనుక గోడకే. ఆయన అప్పటికే రెండోది కొనడానికి సిద్ధమయ్యారు. ముందు సోఫాను జరిపి చూద్దామన్నాను. పొడవుకు చెందిన రెండో అనునాదం, మీ గదిలో 63 హెర్ట్జ్‌ది, గోడ దగ్గర ఎంత బలంగా ఉంటుందో చెవి గోడకు 3 అడుగుల దూరం వచ్చేసరికి అందులో సగమే మిగులుతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సోఫా జరిగింది, సబ్‌వూఫర్ మూలలోంచి గోడ పావు బిందువు దగ్గరికి వచ్చింది, ఆయన రెండోది కొనలేదు. అయితే ఆయన ఒక్కరే వింటారన్నది గుర్తుంచుకోండి. మరోటి బెంగళూరు మారతహళ్లిలో ఒక తెలుగు కుటుంబం ఇల్లు. హాలు ఒక పక్క పూర్తిగా భోజనాల గదిలోకి తెరుచుకుని, ఆంగ్లంలో ఎల్ అక్షరంలా ఉంటుంది. అటువంటి చోట పైన చెప్పిన పావు దూరాల లెక్క పనిచేయదు, ఎందుకంటే ఒక గోడే లేదు. అక్కడ ఒకటి ముందు గోడ దగ్గర, రెండోది సోఫా వెనుక వైపు పెట్టి, కొలుస్తూ జరుపుతూ వెళ్లాల్సి వచ్చింది. ఫలితం బాగుంది, కానీ కొలిచే మైకు లేకుండా దాన్ని సాధించడం అసాధ్యం.

మీకు వర్తించకపోయినా ఇది చదివే మరొకరికి పనికొస్తుందని ఇంకో మాట: 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పాతకాలపు గదిని వినే గదిగా ఎంచుకోకండి. మూడు అనునాదాలూ 56 హెర్ట్జ్ మీదే పడతాయి. రెండు సబ్‌వూఫర్లు వెడల్పుదాన్ని అణచగలవు, కానీ రెండూ నేల మీదే ఉంటాయి కాబట్టి ఎత్తుకు చెందినది అలాగే ఉంటుంది. మీ హాలులో కూడా ఆ 56 హెర్ట్జ్‌ది కొంత మిగులుతుంది. దాన్ని ఈక్వలైజర్‌తో తగ్గించవచ్చు. సోఫా మీద అందరి చెవులూ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి ఆ సవరణ అందరికీ ఒకేలా పనిచేస్తుంది.

రెండోది కొనే పక్షంలో అదే మోడల్ కొనమనడం చాదస్తం కాదు. వెనుక రంధ్రం ఉన్న పోర్టెడ్ సబ్‌వూఫర్, పూర్తిగా మూసి ఉన్న సీల్డ్ సబ్‌వూఫర్ అడుగు స్వరాల్లో వేర్వేరు ఫేజ్‌లతో, అంటే తరంగాన్ని వేర్వేరు క్షణాల్లో నెడుతూ, వాయిస్తాయి. పోర్టు పౌనఃపున్యం కిందికి వెళ్లేసరికి అవి ఒకదానికొకటి వ్యతిరేకంగా నెట్టే స్థితి రావచ్చు. అప్పుడు రెండు పెట్టెలు కలిసి ఒక్కదానికంటే తక్కువ శబ్దం ఇస్తాయి. ఒకే రకమైనవైతే ఆ బెడద ఉండదు. విస్తీర్ణం లెక్క కూడా మీ వైపే ఉంది: రెండు 10 అంగుళాల కోన్‌ల వైశాల్యం ఒక 12 అంగుళాల కోన్ కంటే సుమారు 40 శాతం ఎక్కువ. ఒకే సంకేతాన్ని రెండూ కలిసి వాయిస్తే 6 డెసిబెల్స్ వరకు పెరుగుతుంది కాబట్టి, మునుపటి శబ్దానికే అయితే ఒక్కొక్కదానికి నాలుగో వంతు శక్తి చాలు. కోన్‌లు తక్కువ దూరం కదులుతాయి, వక్రీకరణ తగ్గుతుంది.

ఎడమదానికి ఎడమ చానల్, కుడిదానికి కుడి చానల్ ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ (స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ స్వరాలను పంచే హద్దు) పెట్టినప్పుడు రెండింటికీ కలిపిన మోనో సంకేతమే ఇవ్వమంటాను. సినిమా పాటల్లో బాస్ గిటార్, కిక్ డ్రమ్ సాధారణంగా నట్టనడుమే ఉంటాయి, ఎల్పీ రికార్డుల్లోనైతే ముల్లు గాడి తప్పకుండా అడుగు స్వరాలను చాలావరకు మోనోగానే చెక్కేవారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఒకే సంకేతం ఇస్తేనే ఉయ్యాల ఆగుతుంది. ఒక పక్కదే వాయిస్తే వెడల్పు అనునాదం మళ్లీ లేస్తుంది. క్రాసోవర్ 100 హెర్ట్జ్ దాటించక తప్పనంత చిన్న స్పీకర్లయితే మాత్రం శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది, అప్పుడు స్టీరియోగా కలపడమే మేలు.

యాంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ అవుట్ ఒక్కటే ఉంటే ఒక వై తీగతో రెండింటికీ పంచవచ్చు. ఆ అవుట్ లేని పాతరకం స్టీరియో యాంప్లిఫయర్ అయితే, సబ్‌వూఫర్ వెనుక స్పీకర్ తీగలు కలిపే ఇన్‌పుట్‌లు ఉన్నాయేమో చూడండి. కావలసిన తీగలన్నీ చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, వేల రూపాయల తీగ అక్కర్లేదు. వీలుంటే బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ కిందిభాగం వెళ్లకుండా ఆపండి. ఆ చిన్న వూఫర్‌కు భారం తగ్గి గాత్రం తేటపడడం మీకే తెలుస్తుంది. చాలా స్టీరియో యాంప్లిఫయర్లలో ఆ సౌకర్యం ఉండదు, అది లేకపోయినా మిగతా పని ఆగదు.

సర్దే క్రమం ముఖ్యం. మొదట ఒక్కదాన్నే ఆన్ చేసి స్థాయి సరిచూసుకోండి, తరువాత రెండోదాన్నే ఆన్ చేసి అంతే స్థాయికి తెచ్చుకోండి, అప్పుడు రెండూ కలిపి ఆన్ చేసి, రెండింటి గెయిన్‌నూ (సబ్‌వూఫర్ మీది శబ్దస్థాయి మీటనూ) సమానంగా తగ్గించండి. రెండోది ఆన్ చేయగానే శబ్దం పెరిగి, అదే మెరుగుదల అనిపించడం సహజం. స్థాయి తగ్గించకుండా పోల్చితే ఏమీ తెలియదు. ఆ తరువాత ఫేజ్ మీట చూడండి: క్రాసోవర్ పౌనఃపున్యం దగ్గరి స్వరం వినిపిస్తూ, ఏ స్థితిలో స్పీకర్లతో కలిసి నిండుగా ఉంటే ఆ స్థితిలో వదిలేయండి. రెండు సబ్‌వూఫర్లూ మీ కుర్చీకి సమాన దూరంలో ఉంటే వాటి మధ్య కాలవ్యత్యాసం ఉండదు. 6 అడుగుల తేడా ఉంటే 5 మిల్లీ సెకన్లకు పైగా ఆలస్యం వస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు పావు ఆవృత్తి, దాన్ని సరిచేయక తప్పదు. ఈక్వలైజర్ చివరన, అదీ రెండూ కలిసి మోగుతున్నప్పుడు మాత్రమే. శిఖరాలను తగ్గించండి, లోయలను పూడ్చడానికి ప్రయత్నించకండి. తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట 6 డెసిబెల్స్ పెంచితే సబ్‌వూఫర్‌కు నాలుగు రెట్ల శక్తి ఖర్చవుతుంది, కొట్టేసే తరంగం కూడా అంతే పెరుగుతుంది, చెవికి దక్కేది ఏమీ ఉండదు.

కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, యూమిక్-1 వంటి యూఎస్‌బీ మైకు చాలు. రెండో సబ్‌వూఫర్ కొనేముందు ఆ మైకు కొనడం వివేకం. ఫోన్ మైకులు అడుగు స్వరాలను తక్కువ చేసి చూపుతాయి కాబట్టి ముందూ వెనకా పోల్చడానికి తప్ప వాటి అంకెలను నమ్మకండి. ఏ పరికరమూ లేకపోతే పాత పద్ధతి ఉంది: సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, మెట్లుమెట్లుగా నడిచే బాస్ గిటార్ ఉన్న పాట వేసి, గోడల వెంట చెవిని మోకాలి ఎత్తులో ఉంచి నడవండి. ప్రతి స్వరమూ సమంగా వినిపించిన చోటే సబ్‌వూఫర్ పెట్టాల్సిన చోటు. తంబూర శ్రుతితో కూడా పరీక్షించవచ్చు. ఒకటో కట్టై (పాశ్చాత్య సంగీతంలో సి) శ్రుతిలో పాడే పురుష గాయకుడి తంబూర మంద్ర షడ్జమం సుమారు 65 హెర్ట్జ్, అంటే మీ గదిలోని 63 అనునాదాన్ని ఆనుకునే ఉంది. కచేరీ రికార్డింగులో తంబూర ఆ ఒక్క తీగ దగ్గర మాత్రం ఉబ్బినట్టు వినిపిస్తే, సోఫా ఇంకా గోడకు దగ్గరగా ఉన్నట్టే.

కింది ఇంటివారి గురించి మీరు అడగలేదు గానీ, రెండో పెట్టె వస్తే వారికి కష్టం రెట్టింపవుతుందని అనుకోనవసరం లేదు. స్వరాలు సమమైతే మాయమైన వాటిని వినడానికి మీరు గెయిన్ పెంచే అవసరం పోతుంది, హోరెత్తే ఆ ఒక్క స్వరమే సాధారణంగా శ్లాబు దాటి వెళ్లి గొడవ తెచ్చేది. కింద వేసే రబ్బరు, ఫోమ్ దిమ్మెలు పెట్టె నుంచి నేలకు దిగే కంపనాన్ని తగ్గిస్తాయే తప్ప గాలిలో వెళ్లే శబ్దాన్ని ఆపవు.

రెండో సబ్‌వూఫర్ కలిపాక సన్నని గూఁ మనే శబ్దం నిలకడగా వస్తే అది సాధారణంగా ఎర్త్ లూప్. వేర్వేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకున్న పరికరాలు ఆర్‌సీఏ తీగ (ఆడియో సంకేతాన్ని మోసే మామూలు తీగ) ద్వారా కలిసినప్పుడు వస్తుంది, కేబుల్ టీవీ తీగ సెట్‌టాప్ పెట్టెకు తగిలించి ఉంటే ఇంకా ఎక్కువ. ముందు ఆ కేబుల్ తీగ ఊడదీసి చూడండి, తరువాత అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. అప్పటికీ పోకపోతే సంకేతపు తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, అడుగు స్వరాలను కోయని నాణ్యమైనది ఎంచుకోండి. మూడో పిన్ను విరగ్గొట్టి ఎర్త్ తీసేయమని ఎవరు చెప్పినా వినకండి, 230 వోల్టుల దగ్గర అది ప్రాణాల మీదికి వస్తుంది. సోఫా జరిపాక ఏ స్వరాలు మారాయో, ఏవి మారలేదో ఇక్కడే రాయండి, రెండోదాని చోటు అప్పుడు ఇంకాస్త ఖచ్చితంగా చెప్పగలను.